నెల్లూరులో పోలింగ్ వేళలు, ముందే ఓటేసే దారులు: ఎవరికి ఏ గడువు

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. ఇల్లు నెల్లూరు మూలాపేటలో, అడిగిన ఆయన ఉద్యోగం చెన్నైలో. ఇంట్లో అవ్వకి 87 ఏళ్లు, మంచం దిగలేదు. నాయన జెడ్పీ హైస్కూల్లో మాస్టరు, ప్రతి ఎన్నికకీ డ్యూటీ పడుతుంది. బావ లాస్ ఏంజిలెస్‌లో ఉంటాడు. అక్కడ పోలింగ్‌కి పది రోజుల ముందే ఓటు కేంద్రాలు తెరుస్తారట కదా, మనకీ అలాంటి వీలుందా, అసలు మన దగ్గర పోలింగ్ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని ప్రశ్న.

అలాంటి వీలు మనకి లేదు. కాలిఫోర్నియాలో నమోదైన ఓటర్లందరికీ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది, ఆఖరి రోజు రాత్రి ఎనిమిది దాకా కేంద్రాలు తెరిచి ఉంటాయి. మన దగ్గర ఒకటే రోజు, ఒకటే బూత్. ఆ రోజు బూత్‌కి రాలేని కొందరికి మాత్రం చట్టం పక్క తలుపులు పెట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం పోలింగ్ 81.86 శాతమైతే అందులో పోస్టల్ బ్యాలెట్ల వాటా 1.2 శాతం. ఆ తలుపులు ఎంత ఇరుకో దీన్నిబట్టి తెలుస్తుంది. వాటితో అసలు చిక్కు ఇంకొకటుంది: పోలింగ్ ముందు రోజు కాదు, నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే కొన్ని మూసుకుంటాయి. మీ ఇంట్లో నలుగురివీ నాలుగు దారులు. ముందు వేళల సంగతి చూసి, తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి వద్దాం.

వేళలు

లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగ్ వేళలు నిర్ణయించేది ఎన్నికల సంఘం, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 56వ సెక్షన్ కింద. చట్టంలో ఉన్న హద్దు ఒక్కటే: ఉదయం 7కి, రాత్రి 7కి మధ్యలో కనీసం 8 గంటలు పోలింగ్ జరగాలి. ఆ హద్దుల్లో ఎన్నికని బట్టి వేళ మారుతుంది. 'పోయినసారి ఆరు దాకా ఉండింది కదా' అని లెక్కేసుకుని మోసపోయేది అందుకే. మన జిల్లాల్లో ఈ మధ్య జరిగినవే చూడండి. 2024 మే 13న అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి జరిగినప్పుడు నెల్లూరు, ఒంగోలు పరిధిలో ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా. అదే రోజు అరకు, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకే మూసేశారు. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో, అంటే మన సర్వేపల్లి, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట వాళ్లు ఓటేసినప్పుడు, కోవిడ్ వల్ల రాత్రి 7 దాకా ఉంచారు. 2023 మార్చి 13న ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకి ఉదయం 8 నుంచి 4 దాకానే. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలైతే, అవి రాష్ట్ర ఎన్నికల సంఘానివి కాబట్టి ఆ హద్దు లేదు, ఉదయం ఆరున్నరకి మొదలై మధ్యాహ్నం మూడున్నరకే అయిపోయాయి, నాలుగింటికి అక్కడే లెక్కింపు. ఆ ఏడే నవంబరు 15న నెల్లూరు కార్పొరేషన్‌కి జరిగినప్పుడు 7 నుంచి 5 దాకా. కాబట్టి ఏ ఎన్నికకైనా నోటిఫికేషన్‌లో ఆ ఎన్నికకి రాసిన వేళే చూసుకోవాలి.

ఆరు గంటలంటే ఆరింటికి మీట నొక్కేసి ఉండాలని కాదు, ఆరింటికి వరసలో ఉండాలని. ఆరు కొట్టగానే బూత్ ఆవరణ గేటు మూస్తారు. లోపల వరసలో ఉన్నవాళ్లకి బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి సంతకం పెట్టిన నంబరు చీటీలు ఇస్తారు. ఆ చీటీలు వరస తోక నుంచి మొదలుపెట్టి ముందుకి పంచుతారు, మధ్యలో ఎవరూ వెనక చేరకుండా. చీటీ చేతికొచ్చిందంటే రాత్రి పదైనా మీ ఓటు మీది. 2024లో రాష్ట్రంలో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు పడ్డాయి. గేటు బయట రోడ్డు మీద నిలబడి ఉన్నవాళ్ల సంగతి వేరు. ఆరింటికి రెండు నిమిషాల ముందు టీ అంగడి దగ్గర ఉన్నాను అంటే ఎవరూ వినరు. వేళ పెంచే అధికారం కూడా ప్రిసైడింగ్ అధికారికి లేదు. పొద్దున యంత్రం చెడి గంట పోయినా సాయంత్రం గంట కలపరు, ఆరింటికి వరసలో ఉన్నవాళ్లతోనే ముగిస్తారు.

వరస ఎందుకంత పొడుగవుతుందో ఒక లెక్క చూస్తే చాలు. 1,500 మంది ఓటర్లున్న బూత్‌లో 80 శాతం వస్తే 1,200 మంది. పదకొండు గంటలంటే 39,600 సెకన్లు. మనిషికి 33 సెకన్లు. అందులోనే పేరు వెతకాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, వేలికి సిరా పెట్టాలి, రెండు ఎన్నికలు కలిసొస్తే రెండు యంత్రాల దగ్గర రెండుసార్లు నొక్కాలి, ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్‌లో చీటీ ఏడేడు సెకన్లు కనపడాలి. కుదిరే పనేనా? 2025లో ఎన్నికల సంఘం బూత్‌కి 1,200 మందికి మించకూడదని నిర్ణయించింది. అదే 80 శాతానికి మనిషికి 41 సెకన్లు వస్తాయి. అయినా మధ్యాహ్నం ఎండకి ఖాళీగా పోయిన సమయమంతా సాయంత్రం మీద పడుతుంది.

పొద్దున ఏడింటికే వెళ్తే హాయి అని చాలామంది అనుకుంటారు. యంత్రాల గొడవలు బయటపడేది కూడా సరిగ్గా అప్పుడే. పోలింగ్‌కి గంటన్నర ముందు, అంటే 7కి మొదలైతే ఐదున్నరకి, ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్, చేస్తారు. ఫలితం చూపించి, ఆ ఓట్లు చెరిపి, వీవీప్యాట్‌లోని చీటీలు తీసేసి, సీలు వేయాలి. ఏజెంట్లు ఆలస్యంగా వచ్చినా, తీగ వదులుగా ఉన్నా, ఏదో ఒక యూనిట్ మార్చాల్సి వచ్చినా ఏడున్నర దాకా మొదటి ఓటు పడదు. పైగా ఎన్నిక మే నెలలో వచ్చిందంటే మన నెల్లూరు ఎండ. 2024లో పోలింగ్ పడ్డ తేదీ నిజ కర్తరి రోజుల్లోది. పదకొండు దాటాక బూత్ బయట షామియానా కింద కూడా నిలవలేం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఎనిమిది, తొమ్మిది మధ్య తీసుకెళ్లడం మేలు. వయసులో ఉన్నవాళ్లు రెండు, మూడున్నర మధ్య గొడుగు వేసుకుని వెళ్తే వరస చిన్నగా ఉంటుంది. నాలుగున్నర తర్వాత వెళ్తే మాత్రం వరసలోనే చీకటి పడుతుంది.

మీ బూత్ ఏది

కార్పొరేషన్ ఒకటే అయినా నెల్లూరు ఊరు రెండు అసెంబ్లీల్లో ఉంది: సిటీ, రూరల్. మూలాపేట సిటీ. వేదాయపాళెం వైపు వాళ్లు మేమూ టౌనే కదా అనుకుంటారు, ఓటు మాత్రం రూరల్. రెండూ నెల్లూరు లోక్‌సభలోవే. కందుకూరుకి కూడా లోక్‌సభ ఓటు నెల్లూరే, సర్వేపల్లికి మాత్రం తిరుపతి. జిల్లాల హద్దులు మార్చినంత మాత్రాన నియోజకవర్గం మారదు. ఫారాలు పెట్టేటప్పుడు తప్పు జరిగేది ఇక్కడే: సిటీ ఓటరు దరఖాస్తు రూరల్ రిటర్నింగ్ అధికారి (నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి, ఆర్‌ఓ) కార్యాలయంలో ఇచ్చి రసీదు తెచ్చుకుంటారు, అది తిరిగి తిరిగి చేరేసరికి గడువు దాటిపోతుంది.

ఓటరు గుర్తింపు కార్డు మీది నంబరుతో ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోనో యాప్‌లోనో వెతికితే భాగం నంబరు, వరస నంబరు, బూత్ పేరు వస్తాయి. 1950కి ఫోన్ చేసినా చెప్తారు. ఈ పని పోలింగ్ వారంలో కాదు, షెడ్యూలు వినపడగానే చేయాలి. కార్డు ఉన్నంత మాత్రాన ఓటుండదు, జాబితాలో పేరుండాలి. పేరు లేకపోతే ఫారం 6, ఇల్లు మారినా పుట్టిన తేదీ తప్పున్నా ఫారం 8. నామినేషన్ల ఆఖరి రోజు తర్వాత జాబితాలోకి కొత్త పేరు ఎక్కదు. దరఖాస్తు మీద అభ్యంతరాలకి ఏడు రోజులు ఆగాలి కాబట్టి ఆ ఆఖరి రోజుకి కనీసం పది రోజుల ముందు ఇస్తేనే ఫలితం. 2024లో నామినేషన్ల ఆఖరు ఏప్రిల్ 25, పోలింగ్ మే 13. మే మొదటి వారంలో పరిగెత్తిన వాళ్ల కోసం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు గుర్తింపు పత్రం కాదు. అది బూత్‌లో పేరు త్వరగా దొరకడానికి మాత్రమే. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వ ఉద్యోగుల గుర్తింపు కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు ఇలాంటివాటిలో ఏదో ఒకటి చాలు. రేషన్ కార్డు ఆ జాబితాలో లేదు, తీసుకెళ్లినా తిప్పి పంపుతారు.

అవ్వ ఓటు: ఫారం 12డి

మీ ఇంట్లో అన్నిటికంటే ముందు కదలాల్సిన పని ఇదే. 85 ఏళ్లు దాటిన వాళ్లకీ, 40 శాతం అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లకీ ఇంటి దగ్గరే ఓటేసే వీలుంది. 2024 మార్చి దాకా వయసు హద్దు 80గా ఉండేది, దాన్ని 85కి పెంచారు. మంచాన పడిన 78 ఏళ్ల పెద్దాయనకి వైకల్య సర్టిఫికెట్ లేకపోతే ఈ దారి లేదు, ఎంత జబ్బున్నా సరే. బాధగానే ఉంటుంది, నిబంధన అలా ఉంది.

ఇక్కడ మొదటి గోతి వయసే. ఆధార్‌లో 87 ఉండొచ్చు. బీఎల్‌ఓ చేతిలోకి వచ్చే పేర్ల పట్టీ ఓటరు జాబితాలో ఉన్న వయసుని బట్టి తయారవుతుంది. పాత జాబితాల్లో పెద్దవాళ్ల వయసు ఎవరో నోటికొచ్చింది రాసుకుపోయిందే చాలా ఉంటుంది. అక్కడ మీ అవ్వకి 81 అని ఉంటే ఆమె పేరు ఆ పట్టీలో ఉండదు, ఎవరూ తలుపు తట్టరు. అందుకే ఇప్పుడే జాబితాలో ఆమె వయసు ఎంతుందో చూడండి. తప్పుంటే ఆధార్ కాపీ పెట్టి ఫారం 8 ఇవ్వండి. వైకల్యం కింద అడిగేవాళ్లు సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం వైకల్యం శాతం రాసిచ్చే కాగితం, ముందే తెచ్చిపెట్టుకోవాలి. సదరం స్లాటు నోటిఫికేషన్ వారంలో దొరికి, శాతం రాసి, కాగితం చేతికి రావడం అయ్యే పని కాదు.

రెండోది గడువు. ఎన్నిక నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి ఐదు రోజుల్లో నింపిన 12డి రిటర్నింగ్ అధికారికి చేరాలి. జాగ్రత్త, టీవీలో షెడ్యూలు ప్రకటించిన రోజు వేరు, నోటిఫికేషన్ రోజు వేరు. 2024లో షెడ్యూలు మార్చి 16న చెప్పారు, మన రాష్ట్రానికి నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. అంటే పోలింగ్‌కి దాదాపు మూడు వారాల ముందే ఈ తలుపు మూసుకుంది. ఈ ఐదు రోజుల్లో బీఎల్‌ఓ ఫారం పట్టుకుని ఇంటికి రావాలి, ఫారం ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. ఆమె వద్దు, బూత్‌కే వస్తాను అంటే అదీ రాసుకుంటారు. బీఎల్‌ఓ రాకపోతే కూర్చుని చూడొద్దు. ఫారం డౌన్‌లోడ్ చేసుకుని, ఆమె సంతకమో వేలిముద్రో వేయించి, మీరే ఆర్‌ఓ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఫారంలో ఇంటి నంబరు, వీధి, గుర్తు, రెండు ఫోన్ నంబర్లు రాయండి. చెన్నైలో ఉండే మీ నంబరు ఒక్కటే రాస్తే, వాళ్లు వచ్చే రోజు మీ ఫోన్ మీటింగ్‌లో మోగుతూ ఉంటుంది.

అభ్యర్థుల ఉపసంహరణ అయ్యాకనే బ్యాలెట్ అచ్చవుతుంది. కాబట్టి ఇంటి ఓటు జరిగేది పోలింగ్‌కి ముందు వారం పది రోజుల్లో. ఏ రోజు వచ్చేదీ ముందే చెప్తారు, అభ్యర్థులకీ తెలియజేస్తారు, వాళ్ల మనిషి వచ్చి చూడొచ్చు. ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, ఒక పోలీసు వస్తారు. ఆ వేళకి ఆమె ఇంట్లో లేకపోతే రెండోసారి వస్తారు. రెండోసారీ లేకపోతే ఇక రారు. ఆసుపత్రి చెకప్, కూతురింటికి ప్రయాణం లాంటివి ఆ వారంలో పెట్టుకోకండి. తలుపు దగ్గర చెప్పులు పెరిగాయని పక్కింటివాళ్లు చూడ్డానికి లోపలికొస్తారు, వాళ్లని బయటే ఆపండి. వీడియో తీస్తున్నా ఓటు మాత్రం రహస్యమే, గుర్తు పెట్టేటప్పుడు చుట్టూ ఎవరూ ఉండకూడదు. చూపు లేకనో చేయి వణికో పెట్టలేకపోతే ఆమె కోరిన పెద్దవాళ్లు ఒకరు సాయం చేయొచ్చు.

మూడో గోతి అన్నిటికంటే పెద్దది. 12డి ఆమోదం పొందాక జాబితాలో ఆమె పేరు పక్కన 'పీబీ', అంటే పోస్టల్ బ్యాలెట్, అని గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఏ కారణంతోనైనా ఇంటి ఓటు పడకపోయినా, పోలింగ్ రోజు మోసుకెళ్లి బూత్‌లో కూర్చోబెట్టినా ఓటు ఇవ్వరు. పోలింగ్ నాటికి కాస్త కోలుకుని ఆటోలో వెళ్లగలిగేలా ఉంటే 12డి పెట్టకపోవడమే మంచిది. బూత్‌లో ర్యాంపు, చక్రాల కుర్చీ ఉంటాయి, వరసలో నిలబెట్టకుండా ముందుకి పంపుతారు. చూపు ఆనని వాళ్లకి తోడుగా 18 నిండిన ఒకరు లోపలికి వెళ్లొచ్చు. ఆ తోడుకి కుడిచేతి చూపుడువేలికి సిరా పెడతారు, ఆ రోజు ఇంకొకరికి తోడు పోకుండా.

నాయన ఓటు: డ్యూటీ పడినవాళ్లు

ఎన్నికల డ్యూటీ ఉన్నవాళ్లకి రెండు ఫారాలు. డ్యూటీ తన నియోజకవర్గంలోనే అయితే ఫారం 12ఏ. దాంతో ఎన్నికల డ్యూటీ సర్టిఫికెట్, మనవాళ్లు ఈడీసీ అంటారు, వస్తుంది. అది చూపించి డ్యూటీ ఉన్న బూత్‌లోనే యంత్రం మీద ఓటేయొచ్చు. ఇది పోలింగ్‌కి కనీసం నాలుగు రోజుల ముందు ఇవ్వాలి. డ్యూటీ ఇంకో నియోజకవర్గంలో అయితే ఫారం 12, దాంతో పోస్టల్ బ్యాలెట్. అది ఏడు రోజుల ముందు. మాస్టర్లని సొంత అసెంబ్లీలో వేయరు కాబట్టి నెల్లూరు సిటీ ఓటరైన మీ నాయనకి కోవూరో ఆత్మకూరో పడుతుంది. అప్పుడు లోక్‌సభ ఒకటే, అసెంబ్లీ వేరు. రెండు ఓట్లూ దక్కాలంటే ఆయనకి ఫారం 12 దారే సరైంది. మొదటి శిక్షణ రోజే ఫారం చేతికిస్తారు. ఓటరు కార్డు నంబరు, భాగం నంబరు, వరస నంబరు, డ్యూటీ ఉత్తర్వు కాపీ జేబులో పెట్టుకుని వెళ్తే అక్కడే పని అయిపోతుంది. ఇవి తెలియక 'తర్వాత ఇస్తా' అన్నవాళ్లవే మిగిలిపోతాయి.

పూర్వం బ్యాలెట్ ఇంటికి తెచ్చుకుని కౌంటింగ్ రోజు దాకా ఎప్పుడో పోస్టులో వేసేవాళ్లు. దాంతో బేరాలు, ఒత్తిళ్లు ఎక్కువయ్యాయి. 2023లో నిబంధన మారింది. డ్యూటీ వాళ్లు ఫెసిలిటేషన్ సెంటర్‌కి వెళ్లి అక్కడే ఓటేసి, అక్కడే పెట్టెలో వేయాలి. ఇంటికి ఇవ్వరు. కాబట్టి ఆ సెంటర్ నడిచే రోజులు ఏవో శిక్షణలోనే రాసుకోవాలి. ఆ రోజుల్లో వెళ్లలేకపోతే తర్వాత అవకాశం ఉంటుందని నమ్ముకోకూడదు.

ఓటు చెల్లకుండా పోయేది ఈ కాగితాల దగ్గరే. చదువుకున్నవాళ్ల ఓట్లే ఇక్కడ చెడతాయి, చెప్పుకుంటే సిగ్గు. చేతికి వచ్చేవి: బ్యాలెట్, 13ఏ అనే డిక్లరేషన్, 13బి చిన్న కవరు, 13సి పెద్ద కవరు. బ్యాలెట్ మీద ఒక్క అభ్యర్థి ఎదుట స్పష్టంగా టిక్కో క్రాసో పెట్టాలి. పేరు, సంతకం, 'జై' లాంటి రాతలు ఏమీ ఉండకూడదు, ఎవరి ఓటో తెలిసే గుర్తు ఉంటే చెల్లదు. బ్యాలెట్ మడిచి 13బిలో పెట్టి అంటించాలి, ఆ కవరు మీద బ్యాలెట్ వరస నంబరు రాయాలి. అదే నంబరు 13ఏలోనూ రాసి, సంతకం పెట్టి, అక్కడున్న గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించాలి. తర్వాత 13బి, 13ఏ రెండూ పక్కపక్కన 13సిలో పెట్టాలి.

లెక్కింపు రోజు పెద్ద కవరు ముందు చించుతారు. అందులో 13ఏ కనపడకపోయినా, సంతకమో అటెస్టేషనో లేకపోయినా, 13ఏలో నంబరు 13బి మీది నంబరుతో కలవకపోయినా చిన్న కవరు తెరవనే తెరవరు. 13ఏని బ్యాలెట్‌తో కలిపి చిన్న కవరులో పెట్టడం అన్నిటికంటే మామూలు పొరపాటు. లోపల ఉందని చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. అటెస్ట్ చేసిన అధికారి పేరు, హోదా, ముద్ర ఉండాలా అనే సంగతి మీద 2024లో మన రాష్ట్రంలో హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఏమంది అని తర్వాత వెతుక్కోవడం కన్నా, మూడూ ఉన్నాయో లేదో అప్పుడే చూసి కవరు అంటించుకోవడం సుఖం. రెండు ఎన్నికలు కలిసి వస్తే రెండు బ్యాలెట్లు, రెండు జతల కవర్లు. ఒక జత పూర్తిగా ముగించి, అంటించి, పక్కన పెట్టాకే రెండోది ముట్టుకోమని చెప్పండి. అసెంబ్లీ బ్యాలెట్ పార్లమెంటు కవరులో పడితే రెండూ పోతాయి. ఇక్కడా 'పీబీ' గుర్తు పడుతుంది, బూత్‌కి వెళ్తే ఇవ్వరు.

అత్యవసర సేవల కింద ఎన్నికల సంఘం ఆ ఎన్నికకి పేర్కొన్న శాఖల వాళ్లు, పాసులున్న విలేకరులు కూడా 12డి ద్వారానే ముందే వేయొచ్చు. శాఖ నోడల్ అధికారి ధృవీకరణ కావాలి, గడువు అదే ఐదు రోజులు, ఓటు మూడు రోజుల పాటు ఉదయం 9 నుంచి 5 దాకా నడిచే పోస్టల్ ఓటింగ్ కేంద్రంలో. సైన్యంలో ఉన్నవాళ్ల బ్యాలెట్ యూనిట్‌కే ఆన్‌లైన్లో వెళ్తుంది, పోస్టులో తిరిగొస్తుంది. అది లెక్కింపు మొదలయ్యే వేళకి, మామూలుగా ఉదయం 8కి, ఆర్‌ఓకి చేరాలి.

మీ ఓటు, బావ ఓటు

చెన్నైలో ఉద్యోగం చేస్తూ నెల్లూరులో ఓటున్నవాళ్లకి ఏ పక్క తలుపూ లేదు. పోస్టల్ లేదు, ఆన్‌లైన్ లేదు. వచ్చి వేయాలి, లేదా ఫారం 8తో ఓటు చెన్నైకి మార్చుకోవాలి. అక్కడ ఫారం 6తో కొత్తగా చేర్చి ఇక్కడిది అలాగే ఉంచుకోవడం నేరం. అబద్ధపు డిక్లరేషన్‌కి ఏడాది దాకా జైలు ఉంది. వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: 2024లో తమిళనాడు పోలింగ్ ఏప్రిల్ 19న, మనది మే 13న. మన పోలింగ్ రోజు చెన్నైలో సెలవు ఉండదు. 1951 చట్టం 135బి సెక్షన్ ప్రకారం ఓటు హక్కున్న ఉద్యోగికి పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి, రోజు కూలీలకి కూడా. ఇవ్వని యజమానికి 500 రూపాయల దాకా జరిమానా. ఆ మొత్తానికి ఎవరూ భయపడరు గానీ, ఓటరు కార్డు కాపీ జతచేసి ఆ సెక్షన్ పేరు రాసి రెండు వారాల ముందే మెయిల్ పెడితే హెచ్‌ఆర్ వాళ్లు మామూలుగా కాదనరు. టికెట్లు మాత్రం షెడ్యూలు వచ్చిన రోజే తీయండి. అసలు టికెట్ల కన్నా ముందు ఇంకొకటి చూసుకోవాలి: చాలాకాలం ఊళ్లో లేనివాళ్లని ఏఎస్‌డీ జాబితాలో, అంటే లేరు, వెళ్లిపోయారు, చనిపోయారు అన్న పట్టీలో వేస్తారు. దాంట్లో మీ పేరున్నా ఓటు పోదు. కాకపోతే బూత్‌లో గుర్తింపు గట్టిగా పరిశీలిస్తారు, కాబట్టి అసలు ఓటరు కార్డు తప్పక తెచ్చుకోండి.

వచ్చేసరికి మీ ఓటు ఎవరో వేసేశారని తేలితే గొడవపడి వెళ్లిపోవద్దు. మీరెవరో ప్రిసైడింగ్ అధికారికి రుజువు చేసి టెండర్ ఓటు అడగండి. యంత్రం మీద కాదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు, కవరులో విడిగా పెడతారు. అడగనిదే ఇవ్వరు.

సెల్‌ఫోన్ బూత్ లోపలికి పోనివ్వరు. 2025 నుంచి గుమ్మం దగ్గర ఫోన్లు దాచిపెట్టే ఏర్పాటు చేయాలని ఎన్నికల సంఘం చెప్పింది. అయినా ఇంట్లో పెట్టి వెళ్తే ఆ వరస ఇంకొకటి తప్పుతుంది. ఆధార్ ఫోన్లో చూపిస్తాననుకుంటే కుదరదు, కార్డు చేతిలో ఉండాలి.

బావ ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉంటే, పాస్‌పోర్టులో ఉన్న ఇంటి చిరునామా మీద ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా చేరొచ్చు. ఓటు మాత్రం విమానం దిగి మూలాపేట బూత్‌కి వచ్చి వేయాల్సిందే, గుర్తింపుగా అసలు పాస్‌పోర్టు ఒక్కటే ఒప్పుకుంటారు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఇక్కడ ఓటు లేదు.

ఇదంతా లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల లెక్క. కార్పొరేషన్, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి. నెల్లూరు 54 డివిజన్లకి జాబితా డివిజన్ వారీగా వేరే అచ్చవుతుంది, అసెంబ్లీకి ఓటేసిన బడే అప్పుడూ మీ బూత్ అవ్వాలని లేదు. గడువులు, ఫారాలు ఆ నోటిఫికేషన్ చూసి మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి.